సార్డీనియా కంటే ముందు ఒక ఎత్తు

సార్డీనియా దీవి కొండల్లో సైకిల్ తొక్కుదామని మా ఆయన చాలా రోజులుగా అడుగుతున్నారు. అక్కడి రోడ్ల మీద కార్ల కంటే మేకలే ఎక్కువట. ఆ ఎత్తులు నావల్ల అవుతాయా అని నాకు అనుమానం. టికెట్ల సంగతి సాయంత్రం తేలుస్తానని చెప్పి, పొద్దున మేముంటున్న బాలింకాలిగ్ ఊరు దాటాక ఉన్న ఎత్తు రోడ్డులో సైకిల్ మీద ఒక్కదాన్నే బయల్దేరాను.

సగం ఎక్కానో లేదో, వెనక ఒక కారు. హారన్ కొట్టదు, దాటి వెళ్లదు. హైదరాబాద్ హారన్ల మధ్య పెరిగినదాన్ని కదా, ఆ నిశ్శబ్దం కోపమేననుకున్నాను. దిగి, గడ్డిలోకి జరిగి, సారీ చెప్పాను.

కారులోని పెద్దావిడ అద్దం దించింది. "ఎందుకు దిగావ్, గర్ల్? యూ వర్ గ్రాండ్, బాగానే ఎక్కుతున్నావ్. పైదాకా ఎక్కేస్తావని మనసులో పందెం కాసుకుంటూ వస్తున్నా."

"అయితే ఓడిపోయారు."

"ఇంకా ఓడలేదు. పైన ఆగుతాను," అని వెళ్లిపోయింది.

కిందికి దిగి మళ్లీ మొదలుపెట్టాను. రొప్పుకుంటూ పైకి చేరేసరికి ఆవిడ నిజంగానే అక్కడుంది. ఒక్కసారి గట్టిగా హారన్ కొట్టింది.

ఇంటికొచ్చి టికెట్లు కొనేయమన్నాను. హారన్ విని సంతోషపడ్డ మనుషులు నేను కాక మీలో ఇంకెవరైనా ఉన్నారా?