జున్ను కోసం భిక్షం పరిచిన నేల

మనిషి ఎదురైతే ఎవరైనా మొహం చూస్తారు. భిక్షం కాళ్ళు చూస్తాడు. ఆ కాళ్ళ కింద నేల ఎలా ఉందో చూస్తాడు. నేను జూబ్లీహిల్స్‌లో ఈ ఇంటికి వంటకి కుదిరి ఇరవై రెండేళ్ళయింది. అతను గేటు దగ్గర కుర్చీ వేసుకుని ఐదేళ్ళు. వచ్చిన మొదటి రోజే టిఫిను గిన్నె పట్టుకెళ్ళి ఇస్తే, నా మొహం వైపు చూడనేలేదు.

"అక్కా, నీ ఎడమ చెప్పు అరిగింది. వానలు పడకముందే మార్చు" అన్నాడు.

"ఇడ్లీ చల్లారిపోతోంది, ముందు దాని సంగతి చూడు" అన్నాను.

చెప్పు మార్చలేదు. ఆషాఢంలో పెరట్లో జారి పడ్డాను. పడ్డానని మాత్రం అతనికి చెప్పలేదు. చెబితే ఏడాది పొడుగునా సాధిస్తాడు.

అతను చేసొచ్చిన పని అలాంటిది మరి. ఫిల్మ్ నగర్‌లో స్టూడియోలో ముప్పై ఏళ్ళు డాన్సులకి నేల వేశాడు. పాట చూస్తే మనకి హీరో చొక్కా కనబడుతుంది, హీరోయిన్ నడుము కనబడుతుంది. నేల ఎవరిక్కావాలి? కానీ ఆ నేల కోసం ఒకడు పొద్దుట నుంచీ మోకాళ్ళ మీద పాకుతాడు. చెక్కలు పరవాలి. మేకు తల పైకి లేవకుండా కొట్టాలి. అతుకు అతుకునా అరచెయ్యి పెట్టి రాసి చూడాలి. పైన అద్దంలా మెరిసే రంగు వేస్తారు. మెరిసిందంటే జారుతుంది. దానికి వీళ్ళ దగ్గరో చిట్కా ఉంది. నల్ల కూల్‌డ్రింకు బకెట్లో పోసి, నీళ్ళు కలిపి, నేలంతా తుడుస్తారు. ఆరాక బంకబంకగా ఉంటుంది, అరికాలికి పట్టు దొరుకుతుంది. ఆ తర్వాత ఎంత గెంతినా కాలు జారదట.

"ముప్పై ఏండ్లల్ల నా ఫ్లోర్ మీద ఒక్క పోరి కింద పడలే అక్కా" అని రోజుకొకసారి అనకపోతే అతనికి అన్నం అరగదు.

"నా సాంబారు తిని ఒక్కళ్ళూ చావలేదు. రోజూ చెప్పుకుంటున్నానా?" అనేదాన్ని.

చెక్కలు మోసి మోసి, నేల మీద కూర్చుని కూర్చుని మోకాళ్ళు పోయాయి. స్టూడియో వాళ్ళు ఇక రావద్దన్నారు. మా సారు రామకృష్ణ గారు సినిమాలు తీస్తారు. భిక్షం పని ఎరిగిన మనిషి గనక గేటు దగ్గర పెట్టుకున్నారు. అలా బోరబండ నుంచి పొద్దున్నే ఆటోలో వచ్చి దిగడం, గేటు తీయడం, కుర్చీలో కూలబడటం.

అతని కుర్చీ కిందే జున్ను. అదే, మా ఇంటి కుక్క. జున్ను రంగులో ఉంటాడని అమ్మగారు, పుష్పవల్లి గారు, ఆ పేరు పెట్టారు. అరచేతిలో పట్టేంత ఉన్నప్పుడు వచ్చాడు. ఇప్పుడు పదమూడేళ్ళు, ముక్కు చుట్టూ నెరిసింది. మెట్ల కింద వాడి పక్క. పొద్దున్నే లేచి, హాలు దాటి, వరండా దిగి, తోటలో పని కానిచ్చుకుని, భిక్షం కుర్చీ కిందకి చేరతాడు. బిస్కెట్‌లో సగం అతనికి, సగం వీడికి. ఇద్దరికీ కీళ్ళ నొప్పులే. లేచేటప్పుడు ఇద్దరూ ఒకే మూలుగు మూలుగుతారు. ఎవరి మూలుగు ఏదో నాకు వంటింట్లోంచి తెలిసేది కాదు.

అంతా బాగానే ఉంది. కిందటేడు సారుకి ఇటాలియన్ రాయి మీద మోజు పుట్టింది. హాలంతా పాత బండలు పీకించి ఆ రాయి వేయించారు. మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు, అంత నునుపు. జున్నుగాడు దాని మీద కాలు పెట్టగానే నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి పోయాయి. కప్పలా పరుచుకుపోయాడు. లేవబోయి మళ్ళీ పడ్డాడు. మూడోసారి గడ్డం నేలకి కొట్టుకుంది. ఆ తర్వాత హాలు అంచుదాకా వచ్చి నిలబడేవాడు. ముందు కాలు ఎత్తేవాడు, దించేవాడు, వెనక్కి పోయేవాడు. అవతల వరండా కనబడుతూనే ఉంటుంది. మధ్యలో ఇరవై అడుగుల రాయి. ఆపుకుని ఆపుకుని, మెట్ల దగ్గరే పోసేసేవాడు. పోసి, తప్పు చేసినట్టు గోడవైపు తిరిగి పడుకునేవాడు. తుడిచేది నేను. వాడి మొహం చూస్తే తిట్టబుద్ధి కాలేదు. నాకు! ఆలోచించుకోండి.

సారు చెడ్డవారు కారు. కానీ పన్నెండు రోజుల్లో ఆయనకి షష్టిపూర్తి. ఇంట్లోనే, హాల్లోనే పీటలు. పరిశ్రమ వాళ్ళంతా వస్తారు.

"శంకర్‌పల్లి తోటకి పంపేద్దాం పుష్పా. అక్కడంతా మట్టే, హాయిగా ఉంటాడు" అన్నారు.

అమ్మగారు కాఫీ కప్పులో చూస్తూ కళ్ళు తుడుచుకున్నారు. తోటలో ఎవరున్నారు? మోటారు వేయడానికి వారానికి రెండుసార్లు ఒకడు వస్తాడు, అంతే.

నేను గేటు దగ్గరకి పోయి చెప్పాను. భిక్షం బిస్కెట్ డబ్బా మూత పెట్టేశాడు.

"మోకాళ్ళు పోయినయని నన్ను గూడ స్టూడియోలకెళ్ళి బయటికి పంపిండ్రు అక్కా. నేను గేటు దాకన్న ఆగిన. గాన్ని గేటు గూడ దాటిస్తరా?" అన్నాడు.

అని లేచి, కుంటుకుంటూ లోపలికి వచ్చి సారు ముందు నిలబడ్డాడు. ఐదేళ్ళలో అతను హాల్లో అడుగు పెట్టడం అదే మొదలు.

"సార్, జర ఆగుండ్రి. పండుగ నాటికి జున్నుగాడు గాడంతట గాడే గీ హాలు దాటి బయటికి పోతే?"

సారు నవ్వారు. "పోతే ఉంటాడు. పోలేకపోతే మర్నాడు పొద్దున్నే తోటకి. ఎత్తుకెళ్ళడాలు లేవు, భిక్షం. నీ నడుము కూడా విరుగుతుంది."

అదీ మాట.

మర్నాడు సారూ అమ్మగారూ శుభలేఖలు పంచడానికి వెళ్ళారు. నేను పోపు పెడుతున్నాను. హాల్లోంచి తీపి వాసన. వెళ్ళి చూస్తే భిక్షం బకెట్టు పెట్టుకుని ఇటాలియన్ రాయంతా కూల్‌డ్రింకుతో తుడిచేశాడు!

"ఏమయ్యా, నీకేమైనా పిచ్చా?"

"సూడు అక్కా, ముప్పై ఏండ్ల పని. ఒక్క కాలు జారితే చెవి కోసుకుంట."

ఆరింది. జున్నుని పిలిచాడు. వాడు భయంభయంగా ఒక కాలు పెట్టాడు. జారలేదు. రెండో కాలు. జారలేదు. భిక్షం నావైపు చూసి మీసం తిప్పాడు. నాలుగడుగులు వేశాక జున్ను ఆగాడు. ముక్కు దించాడు. ఒకసారి నాకాడు. ఇంకోసారి నాకాడు. తర్వాత బాసింపట్టు వేసుకుని భోజనానికి కూర్చున్నట్టు కూర్చుని, చుట్టూ శుభ్రంగా నాకేశాడు. నాకిన చోట నున్నగా, తడిగా అయిపోయింది. లేవబోయి, సర్రుమని పక్కకి పడ్డాడు.

"డాన్సర్లు నేల నాకరు కదయ్యా!" అన్నాను.

చీమలు అప్పటికే బయల్దేరాయి. అమ్మగారు తిరిగొచ్చి పట్టుచీరతో హాల్లోకి నడిస్తే కుచ్చిళ్ళు నేలకి అంటుకున్నాయి. సారు చెప్పులు అడుగడుగునా చర్రుచర్రుమన్నాయి. ఆయన నావైపు చూశారు. తప్పెవరిదో నేను చెప్పలేదు. ఒకరి తప్పు చెప్పకపోవడం నా జన్మలో అదొక్కసారే. వేణ్ణీళ్ళతో మూడుసార్లు కడిగాను.

భిక్షం ఆ రోజు టిఫిను ముట్టలేదు. జున్ను పడ్డందుకు కొంత, తన నేల మీద పడ్డందుకు కొంత. సాయంత్రం దాకా వాడి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. వెళ్ళబోయే ముందు వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"అక్కా, అన్నేండ్లు నేలనే సూసిన గానీ కాలు సూడలే. జున్నుగాని వేళ్ళ నడుమ ఎంటికలు పెరిగినయి, మేజోళ్ళు తొడిగినట్టు. గోళ్ళు గింత పొడుగున్నయి. వాని అరికాలు నేలకే తగుల్తలేదు!"

అమ్మగారితో నేనే చెప్పాను. యూసుఫ్‌గూడ నుంచి హరిణి అని పశువుల డాక్టరమ్మ వచ్చింది. చిన్నపిల్లే గానీ మాట గట్టిది. వేళ్ళ మధ్య బొచ్చు కత్తిరించింది, గోళ్ళు తీసింది, వెనక కాళ్ళు వంచి చూసి కీళ్ళవాతమేనంది. నొప్పికి మందు రాసిచ్చింది.

"నా మోకాళ్ళ గోలీలే సగం ఎయ్యాల్ననుకున్న డాక్టరమ్మా" అన్నాడు భిక్షం.

"ఆ పని మాత్రం చేయకు తాతా. మనుషుల గోలీ కుక్కకి వేస్తే కడుపులో పుండ్లు పడతాయి, ప్రాణం మీదికొస్తుంది" అని గట్టిగా చెప్పింది. నడిచే దారిలో జారని చాపలు పరవమంది. లేచేటప్పుడు తువ్వాలు కడుపు కింద వేసి వెనకభాగం కొంచెం తేలిక చేయమంది. చివర్లో, "బరువెక్కువున్నాడు. ఎవరు పెడుతున్నారు ఇంత?" అంది.

అందరూ నావైపు చూశారు. అవును, నేనే. మధ్యాహ్నం అన్నంలో గరిటెడు నెయ్యి వేసేదాన్ని. ముసలాడు కదా, ఎన్నాళ్ళు తింటాడని. ఆ రోజు నుంచి ఉడికించిన కోడిమాంసం, సొరకాయ ముక్కలు. మొదటి రోజు వాడు గిన్నె చూసి, నా మొహం చూసి, మళ్ళీ గిన్నె చూశాడు. వాడికి మాటలొస్తే నా చేతి వంటని ఏమనేవాడో!

అమ్మగారు ముచ్చటపడి చిన్న చిన్న తివాచీలు నాలుగు తెచ్చి వేశారు. జున్ను ఎక్కగానే మొదటి తివాచీ వాడితో సహా పడవలా సోఫా కిందకి పోయింది.

"అడుగున పట్టు లేకుంటే పైన పూలెందుకమ్మా" అన్నాడు భిక్షం నెమ్మదిగా. ఆ మధ్యాహ్నమే స్టూడియోకి పోయి, సెట్టింగు మేస్త్రీ ఓంప్రకాష్‌ని అడిగి, డాన్సు రిహార్సళ్ళకి వేసే పాత రబ్బరు చాపలు తెచ్చాడు. నల్లవి, మందమైనవి. మెట్ల కింద పక్క నుంచి వరండా దాకా, కెమెరా ట్రాలీకి పట్టాలు వేసినట్టు ఒకే వరసగా పరిచాడు. మోకాళ్ళు నొక్కుకుంటూ పాకాడు. అతుకు అతుకునా టేపు వేసి అరచేత్తో రాశాడు. సోఫా దగ్గర వంపు తిప్పాడు. వరండా మెట్టు మీద చెక్కతో ఏటవాలు కట్టి, దాని మీదా చాప వేశాడు. తర్వాత తనే చెప్పులిప్పి, ఈ చివర నుంచి ఆ చివరికి నాలుగుసార్లు నడిచాడు.

నేల తయారైంది. జున్ను మాత్రం కాలు పెట్టడు. రాయి మీద అన్నిసార్లు పడ్డవాడు చాపని మాత్రం ఎందుకు నమ్ముతాడు? రెండు రోజులు అంచున నిలబడి వణికాడు. మూడో రోజు భిక్షం తువ్వాలు వాడి కడుపు కింద వేసి రెండు కొసలూ పట్టుకున్నాడు.

"ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్!" అన్నాడు.

"ఇదేం మంత్రమయ్యా?"

"డాన్సు మాస్టర్లు గిట్లనే అంటరక్కా. ఎయిట్ అన్నంక కాలు లేవాలె."

లేవలేదు. అతను తిట్టలేదు, లాగలేదు. మళ్ళీ అన్నాడు. పదోసారో పదకొండోసారో, ఎయిట్ అనగానే వాడి ముందు కాలు చాప మీద పడింది. నేను చేతిలో కోడి ముక్క పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. ఎనిమిది అడుగులకో ముక్క. మర్నాడు సోఫా దాకా వచ్చాడు. ఆ మర్నాడు వరండా దాకా. పండగ రెండు రోజులుందనగా భిక్షం తువ్వాలు వదులు చేశాడు. వాడికి తెలియలేదు.

అప్పుడు సారు వచ్చి నల్ల చాపలు చూసి నుదురు కొట్టుకున్నారు. "నా షష్టిపూర్తికి హాలు మధ్యలో టైరు పరిచినట్టుంది, భిక్షం!"

"సార్, సినిమా మీకు నేను జెప్పాల్నా? పైన ఎర్ర కార్పెట్ పట్టీ గట్టిగ అతికిస్త. ఫ్రేమ్‌ల గదే కనవడ్తది. కింద ఏమున్నదో నాకూ జున్నుకూ తెలుస్తది."

సారు చెప్పు కొసతో చాప అతుకు నొక్కి చూసి, "పీటలు కొంచెం పక్కకి జరపమంటాను" అన్నారు.

పండగ రోజు పొద్దున్నే కార్లు వరస కట్టాయి. భిక్షం గేటు వదిలి రాలేడు. నేను వంటింట్లో పులిహోర కలుపుతున్నాను. హాలు నిండా పట్టుచీరలు, సెంటు వాసన. ఎర్ర పట్టీ తమ కోసమే అనుకుని వచ్చినవాళ్ళంతా దాని మీద నిలబడి ఫోటోలు దిగుతున్నారు. ఎందుకో తల తిప్పి చూస్తే, మెట్ల దగ్గర జున్ను. లేచి నిలబడి ఉన్నాడు. పని మీద ఉన్నాడని వాడి మొహమే చెబుతోంది. ముందు కాలు ఎత్తాడు. దించాడు. పిలిచేవాడు గేటు దగ్గర ఉండిపోయాడు. సారు పీటల మీద నుంచి వాడినే చూస్తున్నారు. అమ్మగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు.

పులిహోర చేత్తోనే హాల్లోకి వచ్చాను. "జరగండి బాబూ, జరగండి. అది మీ కోసం వేసింది కాదు" అన్నాను. వాళ్ళు ఎంత పెద్దవాళ్ళో నాకేం తెలుసు? జరిగారు. వరండా వైపు నిలబడ్డాను. నాకు ఇంగ్లీషు అంకెలు రావు.

"ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది!" అన్నాను, గేటు దాకా వినబడేలా.

జున్నుగాడు చెవి ఎత్తాడు. ఒక్క క్షణం ఆలోచించాడు. కాలు పెట్టాడు. తువ్వాలు లేదు, ముక్క లేదు. మెల్లిగా, పెళ్ళికొడుకులా, ఎర్ర పట్టీ మధ్యగా నడిచి, వంపు తిరిగి, నన్ను దాటి, వరండా ఏటవాలు దిగి, స్వాగతానికి కట్టిన అరటిచెట్టు మొదట్లో కాలెత్తి, తీరిగ్గా, ఎంతసేపో! ఎవరో చప్పట్లు కొట్టారు. సారు పీటల మీదే పడీపడీ నవ్వారు. "ఆ అరటిచెట్టు మార్చండి. వాణ్ణి మాత్రం మార్చకండి" అన్నారు.

పండగ అయ్యాక పందిరి విప్పారు, పూలు ఊడ్చారు. ఎర్ర పట్టీ, కింద చాపలు అలాగే ఉన్నాయి. రోజూ పొద్దున్నే భిక్షం వచ్చి, చెప్పులిప్పి, దాని మీద ఒకసారి నడిచి, టేపు ఎక్కడైనా లేచిందేమో చూసి గేటుకి పోతాడు. వెనకే జున్ను. సగం బిస్కెట్ ఇతనికి, సగం వాడికి. డాక్టరమ్మ పావు ముక్కే పెట్టమంది. పావంటే భిక్షం లెక్కలో సగమే.

నిన్న టిఫిను ఇస్తుంటే మళ్ళీ మొదలెట్టాడు. "ముప్పై ఐదేండ్లయె అక్కా. నా ఫ్లోర్ మీద ఒక్కరు పడలే."

"అయితే ఆ కూల్‌డ్రింకు నాడు పడ్డదెవరు, మీ తాతా?"

బిస్కెట్ విరిచి కుర్చీ కిందకి అందించాడు.

"గది రిహార్సలక్కా. షాట్ గాదు" అన్నాడు.