ఎవరింట్లో పుడతావో తెలీకపోతే

మా రాజనీతిశాస్త్రం మేడం మొన్న శ్రీకాకుళంలో పోయారు. గుండెపోటన్నారు. కబురు విన్న దగ్గర్నుంచీ నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువగా ఉంది. ఎందుకో మీకు చెప్పాలి.

డిగ్రీలో ఆవిడ మాకు పాశ్చాత్య రాజనీతి తత్వం చెప్పేవారు. రాజ్యం మనుషుల ఒప్పందంలోంచి పుట్టిందన్నవాళ్ళు, ఎక్కువమంది సుఖమే న్యాయమన్నవాళ్ళు, అన్యాయమైన చట్టం చట్టమే కాదన్నవాళ్ళు, చెడ్డదైనా చట్టం చట్టమేనన్నవాళ్ళు, అందరినీ మా మాటల్లోకి దించేవారు. నల్లబల్లకి ఆనుకుని నిలబడితే చీర వెనకంతా సుద్దపొడే.

ఒకరోజు కళింగపట్నం వైపు వేస్తారన్న రోడ్డు గురించి మాటొచ్చింది. బట్టలకొట్టు వాళ్ళబ్బాయి లేచి, "పదిమందికి మేలైతే ఇద్దరు ఇళ్ళు వదులుకోవాల, మేడం" అన్నాడు.

"సరే. నువ్వు ఎవరింట్లో పుడతావో నీకు తెలీదనుకో. కొట్టున్న ఇంట్లోనో, వల లాగే ఇంట్లోనో. ఆ ఇద్దరిలో నువ్వున్నావో లేదో తెలీకుండా ఒప్పుకుంటావేటి? సెప్పు."

వాడు ఆ ప్రశ్న నోట్సులో రాసుకుని కూర్చున్నాడు. ఆవిడ తొందరపెట్టలేదు.

కొన్నేళ్ళకి కాలేజీ యాజమాన్యం ఆ సబ్జెక్టు తీసేసింది. ఉద్యోగాలకి పనికిరాదట. పిల్లల్ని అడిగారా అని ఆవిడ వెళ్ళి నిలదీస్తే, "రూలు మేడం" అన్నారు.

"రూలని సెప్పారు. న్యాయమని సెప్పలేదు" అన్నారావిడ.

ఆ మాటకి బదులుగా రిటైరయ్యేదాకా హాల్‌టికెట్లు పంచే పని అప్పజెప్పారు. ఆవిడ మానలేదు. సాయంత్రాలు సైకిల్ స్టాండు దగ్గర, అడిగినవాళ్ళకి పాఠం చెప్పేవారు. ఇవాళ కోర్టులో ఏ అధికారి ఉత్తర్వుకైనా కారణమేమిటని అడగగలుగుతున్నానంటే, ఆ ధైర్యం నాకు ఆవిడ పాఠాల్లో అబ్బిందే.

కాలేజీలో సంతాపసభ పెట్టారు. సబ్జెక్టు తీసేసిన పెద్దమనిషే ఫొటోకి దండ వేసి, "ఎవరినీ నొప్పించని సౌమ్యురాలు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. లేచి వెళ్ళి మైకు అందుకున్నాను.

"అయ్యా, ఆవిడ మీకు ఎదురు మాట్లాడారు. పాఠం తీసేసి దండేస్తే సరిపోతాదేటి?"

మైకు కట్టేశారు. "కూకోండి లాయరుగారూ, సావు దగ్గర గొడవలేటి" అన్నాడాయన. నేను కూర్చోలేదు. ఆవిడ ఏం నేర్పారో, దాన్ని ఎలా ఆపారో, గొంతు చించుకుని పిల్లలకి చెప్పి దిగాను.

సబ్జెక్టు తిరిగి రాలేదు. వస్తుందన్న నమ్మకమూ లేదు. నా కోపమూ తగ్గలేదు.

బయటికొస్తే బస్టాపులో, సభలో ముందు వరసన కూర్చున్న ఇద్దరమ్మాయిలు, ఎవరింట్లో పుడతామో తెలీకపోతే ఏ రూలుకి ఒప్పుకుంటామని వాదించుకుంటున్నారు. ఒకరి మాట ఒకరు పడనివ్వడం లేదు. పొందూరు బస్సొచ్చి ఆగింది. కండక్టరు వాళ్ళని ఎక్కమని పిలిచాడు. ఇద్దరూ వెనక్కి తిరక్కుండానే, పొమ్మని చెయ్యి ఊపారు.