గడ్డం లేనియన్ని రాణులే

చాదర్‌ఘాట్‌లో మా తమ్ముడి ఇంట్లో పిల్లలు క్యారం బోర్డు చుట్టూ కూర్చుని, ముఖానికి రాసుకునే పౌడరు డబ్బాను దాని మీద బోర్లించి అడుగున తట్టినప్పుడల్లా, ఆ తెల్లటి దుమ్ము లేచి కిటికీ వెలుతురులో కాసేపు నిలబడుతుంది. ఆ వాసనకు నాకు క్యారం గుర్తుకు రాదు, పత్తాలు గుర్తుకొస్తాయి. పేకముక్కల్ని మా ఇంట్లో పత్తాలనే అనేవాళ్లం. మాకున్న రెండు కట్టలూ ఎంత పాతవంటే, వానాకాలం వస్తే ఒకదానికొకటి అతుక్కుపోయి, పంచేటప్పుడు జంటలుగా ఊడిపడేవి. అందుకని అమ్మ వాటిని చేటలో పరిచి, పైన ఇంత పౌడరు చల్లి, పాత ధోతి గుడ్డతో ఒక్కొక్కటే తుడిచి పెట్టేది. ఆట అయ్యాక మా చేతులు, నానమ్మ ఒడి, నాయిన చొక్కా అన్నీ అదే వాసన.

అప్పుడు మేం నాంపల్లి స్టేషను వెనక గల్లీలో రెండు అర్రలు, ముందు ఒక వరండా ఉన్న ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. బొగ్గు ఇంజన్లు వెనక్కీ ముందుకీ తిరుగుతూ వదిలిన నుసి ఆరేసిన బట్టల మీద, మామిడికాయ తొక్కు జాడీకి కట్టిన గుడ్డ మీద, మా తమ్ముడి బోడిగుండు మీద సమానంగా రాలేది. ఎండాకాలం వరండాలో నీళ్లు చల్లి చాప పరిచేవాళ్లం. వానలప్పుడు కుంపటి మీద మక్క కంకులు కాలుతుంటే ఆ చిటపటల మధ్యనే ఆట నడిచేది. బతుకమ్మ రోజుల్లో సత్తుపిండి ముద్దలు తిన్న చేతుల్ని అమ్మ ముందూ వెనకా తిప్పి చూసి, కడుక్కొస్తే గాని పత్తాలు ముట్టనిచ్చేది కాదు. ఆదివారం నాయినకు సెలవు. ఆరోజు పొద్దున్నే తలస్నానాలు, మాంసం కూర, ఆ తర్వాత రమ్మీ. ఆడేది నలుగురం: నాయిన, అమ్మ, నానమ్మ, నేను. తమ్ముడు చింతగింజలు కాపలా కాసేవాడు, ఎందుకంటే ఓడినవాళ్ల లెక్క మేం చింతగింజలతోనే పెట్టేవాళ్లం.

నాకు లెక్కలు వచ్చింది బడిలో కాదు, ఆ చాప మీద. ఆట ముగిశాక ఎవరి చేతిలో మిగిలిన పత్తాలు వాళ్లు నా ముందు విసనకర్రలా విప్పేవాళ్లు. నాయిన కళ్లు మూసుకుని, “ఎంతనే బిడ్డా?” అనేవాడు. నేను గబగబా కూడి “నలభై ఏడు” అనేదాన్ని. “తొమ్మిది పడ్డది, ఆరు పడ్డది, మీ నానమ్మ చేతిల ఇంక ఏముంటయి... ఔ, నలభై ఏడే” అనేవాడు, చూడకుండానే. పడిన ప్రతి ముక్కా ఆయన తలలో వరసగా ఉండేది. ఈరోజుకీ ఆబిడ్స్‌లో నలుగురైదుగురు బట్టల దుకాణాలవాళ్లు నన్ను పిలిచి లెక్కలు సరిచూపించుకుంటున్నారంటే, ఆ విద్య ఆయన మూసిన కళ్ల ముందు నేర్చుకున్నదే.

నాయిన ఆబిడ్స్‌లో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. పెండ్లి పత్రికలు, సభల కరపత్రాలు, బడి పరీక్షల ప్రశ్నాపత్రాలు. దళసరి అద్దాలు, వేళ్లకు ఎప్పుడూ పోని సిరా. మిగిలిన ప్రూఫులు ఇంటికి తెచ్చేవాడు. రాత్రి అన్నాలయ్యాక అమ్మ చదువుతుంటే నాయిన గోడకు ఆనుకుని వింటూ, “ఆడ ఒత్తు పడాలె చూడు” అనేవాడు. అమ్మ గొంతు వింటూ నిద్రపోవడం మాకు అలవాటు. అందరి ఇళ్లలోనూ అమ్మలు చదువుతారనీ నాయినలు వింటారనీ అనుకునేదాన్ని.

మా రమ్మీకి కొన్ని నియమాలుండేవి. అవన్నీ ఒక్కసారి వచ్చినవి కావు. ఏడాదికొకటి అన్నట్టు వచ్చాయి, వచ్చిన ప్రతిదీ మొదటి నుంచీ ఉన్నట్టే ఉండేది, చెప్పేది మాత్రం ఎప్పుడూ అమ్మే. మొదటిది దీపం. “దీపం పెట్టినంక పత్తాలు ముట్టొద్దు. లక్ష్మి ఎల్లిపోతది” అంది ఒక సాయంత్రం, గెలవబోతున్న నా చేతిలోంచి ముక్కలు లాక్కుంటూ. రెండోది బొమ్మలది. మాకు జాకీ అనేవాడే లేడు. బొమ్మలో గడ్డం ఉంటే రాజు, గడ్డం లేకుంటే రాణి. పది పక్కన రాణి, రాణి పక్కన రాజు, అయిపోయింది వరస. నానమ్మ ఒప్పుకోలేదు.

“మొన్నటిదాంక జాకీ ఉండె గదనే కోడలా! ఏడ పాయె వాడు?”

“వాడు మంచోడు గాదత్తమ్మా, ఎల్లగొట్టినం” అంది అమ్మ, ముక్కలు కలుపుతూ. “గడ్డం లేనియన్ని రాణులే. ఎయ్యి.”

“మరి మూలకు ఇంగ్లీషుల రాసుంది గదమ్మా” అన్నాను నేను. అప్పుడే ఆ అక్షరాలు నేర్చుకుంటున్నాను.

“గది ఇంగ్లీషోళ్లకు. మనకు బొమ్మ చాలు.”

మూడోది, వేసే ప్రతి ముక్క పేరూ పైకి చెప్పి వెయ్యాలి. “ఆఠీన్ ఏడు”, “కళావర్ మూడు”, ఇలా. అప్పుడు నానమ్మకు నిజంగానే కోపం వచ్చింది.

“ఎందుకే చెప్పుడు? నేనేమన్న గుడ్డిదాన్నా?”

అమ్మ చెయ్యి ముక్కల మీద ఆగింది. నాయినే నవ్వాడు. “నీకు చెవుడు గద అమ్మా. గట్టిగ చెప్తె ఇనవడ్తదని.”

“నీకే చెవుడు! మీ తాతకు చెవుడు!” అంటూ నానమ్మ “ఇస్పేట్ రాజూ” అని గల్లీ చివరిదాకా వినపడేలా అరిచి వేసింది. అందరం పడి పడి నవ్వాం. ఆ ఆట నాయినే గెలిచాడు. చాలా ఆటలు ఆయనే గెలిచేవాడు.

నాకు పదేళ్లు నిండిన ఎండాకాలం సెలవుల్లో, పొద్దున పనికి పోయేటప్పుడు నాయిన నన్నూ వెంట తీసుకుపోవడం మొదలైంది. ప్రెస్సు కింద, దాని యజమాని సేటు ఇల్లు పైన. సేటు కూతురు సుజాతది నా ఈడే, తోడు లేక విసుగ్గా ఉందని వాళ్లమ్మే నన్ను పంపమందట. స్టేషను ముందు రిక్షాలూ జట్కాలూ కలగలిసిన చోట రోడ్డు దాటేటప్పుడు నాయిన నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకునేవాడంటే వేళ్లు నొప్పి పుట్టేవి. నన్ను దాటిస్తున్నాడనుకునేదాన్ని.

సేటు ఇంట్లో పైకప్పుకు ఫ్యాను ఉండేది. సుజాత పత్తాలు కొత్తవి, అంచులు కోసుకునేంత పదునుగా ఉండేవి, పౌడరు అక్కరలేకుండానే జారిపోయేవి. ఒకరోజు సుజాత, వాళ్ల పెద్దక్క, వాళ్లమ్మ, నేను ఆడుతున్నాం. సేటు భోంచేసి పక్కనే దివాను మీద వాలి ఉన్నాడు. నేను వేసిన ప్రతి ముక్కకూ పేరు చెబుతుంటే సుజాత కాసేపు ఊరుకుని, “ఏందే, ప్యాసింజరు బండిల శనగలమ్మినట్టు!” అంది. నేను పట్టించుకోలేదు, ఎందుకంటే నా చేతిలో ఆట అయిపోయింది. “షో!” అని పరిచాను. అందులో ఒక వరస ఆఠీన్ పది, ఆఠీన్ జాకీ, ఆఠీన్ రాజు.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత సుజాత ఆ జాకీ మీద వేలు పెట్టి, “రాణి ఏది?” అంది.

“గిదే రాణి.”

“గిది జాకీ గదే!”

“గడ్డం లేదు గదా. గడ్డం లేనియన్ని రాణులే.”

వాళ్లు నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ వినపడుతుంది. పెద్దక్క దిండులో ముఖం దాచుకుంది. “గట్లయితే మీ అమ్మ గూడ రాణి, నువ్వు గూడ రాణి, మా పిల్లి గూడ రాణి!” అని సుజాత చప్పట్లు కొట్టింది. “తప్పు షో. దీని పేరు మీద ఎనభై రాయి.” నాకు చెవులు కాలిపోయాయి. ఓడినందుకు కాదు, మా ఇంటి ఆట ఆట కాదన్నందుకు. మా అమ్మకు రమ్మీ రాదన్నందుకు. మాది చిన్న ఇల్లనీ, మా పత్తాలు పాతవనీ అప్పటిదాకా తోచని సిగ్గంతా ఒక్కసారే పైకి వచ్చింది.

అప్పుడు సేటు లేచి కూర్చున్నాడు. ఆయన నవ్వలేదు. “ఊకోన్రి” అని వాళ్లను కసిరి, నన్ను దగ్గరికి పిలిచాడు. “మీ ఇంట్ల గట్లనే ఆడుతరా బిడ్డా?”

“ఔ.”

“మీ నాయిన గూడ?”

“నాయిన గూడ. ఎక్కువ నాయినే గెలుస్తడు.”

“మంచిదే. ఇంకేం రూల్సున్నయి మీ ఇంట్ల?”

ఒకరైనా మర్యాదగా అడిగారని నా ప్రాణం లేచి వచ్చింది. మా ఇల్లు తక్కువది కాదని చూపించాలని, బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్టు, చేతులు కట్టుకుని వరసగా చెప్పాను. దీపం పెట్టినంక ఆడొద్దు. గడ్డం లేనివన్నీ రాణులు. వేసే ముక్క పేరు పైకి చెప్పాలి. ఎవరూ ఎవరినీ తొందరపెట్టొద్దు. నాయిన వరండా అంచున, వెలుతురుకు వీపు పెట్టి కూర్చోవాలి. ఆయన ముక్కలు పేర్చేది అమ్మ. ఏదీ మరిచిపోలేదు. నాకు మతిమరుపు ఎప్పుడూ లేదు.

సేటు “శభాష్” అన్నాడు. మొజంజాహీ మార్కెట్‌కు మనిషిని పంపి మామిడిపండు ఐస్‌క్రీం తెప్పించాడు. నాకు రెండుసార్లు పెట్టించాడు. కింద మిషను చప్పుడు నేలలోంచి అరికాళ్లకు తెలుస్తుండగా, ఆ చప్పుడు పక్కనే నాయిన వంగి కూర్చుని ఉంటాడని తెలిసీ, నేను గిన్నె అడుగు నాకాను.

రెండు రోజుల తర్వాత నాయిన మధ్యాహ్నమే ఇంటికి వచ్చాడు. చెప్పులు విడిచి, వరండా స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ నీళ్లు తెచ్చింది. తాగలేదు.

“పెండ్లిపత్రిక ఒకటి చేతికిచ్చి, అందరి ముందర చదువుమన్నడు” అన్నాడు. “ముహూర్తం కాడ తప్పు పోయిందట పోయిన వారం. దినాం చూసినవే గదా అని చదవబోయిన. చదవలేకపోయిన. అప్పుడన్నడు, ‘గడ్డం లేనియన్ని రాణులేనట గద మీ ఇంట్ల’ అన్నడు.”

అమ్మ తల తిప్పి నా వైపు చూసింది. కొట్టలేదు, తిట్టలేదు. నాకు అంతా తెలిసింది అప్పుడే: దీపం, గడ్డం, పేర్లు, రోడ్డు మీద నా చెయ్యి, రాత్రుళ్లు అమ్మ గొంతు. లెక్కలు వచ్చినదాన్ని, ఇన్నేళ్లు కళ్ల ముందున్న ముక్కల్ని కూడలేకపోయాను.

సేటు దుర్మార్గుడు కాదు. పని మాన్పించినా, ఆ నెల జీతం పూర్తిగా ఇచ్చి, కంటి దవాఖానకు మనిషిని తోడు పంపించాడు. కంటి నరం ఎండిపోతూ వచ్చిందనీ, పోయింది తిరిగి రాదనీ, ఉన్నది మందు చుక్కలతో కొన్నాళ్లు నిలుస్తుందనీ అక్కడ చెప్పారు. “నువ్వు చెప్పబట్టే దవాఖానకు పోయినం, లేకుంటే ఉన్నది గూడ పోతుండె” అని అమ్మ తర్వాతెప్పుడో ఒకసారి అంది. ఆ లెక్క నేనూ వేసి చూశాను. సరిపోతుంది. అయినా ఐస్‌క్రీం తిన్నది నేనే.

ఆ తర్వాతి ఆదివారం నాయినే పత్తాలు తెమ్మన్నాడు. అమ్మ పౌడరు చల్లి తుడిచింది. కూర్చున్నాం. నేను ప్రతి ముక్క పేరూ ఒకటికి రెండుసార్లు చెప్పాను. ఏనాడూ నాయినకు ఒక్క ముక్క వదలని నానమ్మ, చేతిలో జతపడిన రాణిని విడగొట్టి ఆయన ముందు వేసి, “ఆఠీన్ రాణి కొడుకా, నీకు పనికొస్తదేమో చూడు” అంది, గొంతు తగ్గించి. నాయిన తీసుకున్నాడు. షో చేశాడు. మేమందరం ఒక్కసారే సంతోషపడ్డాం.

ఆయన ముక్కలన్నీ కలిపి కట్టగా చేసి, అంచులు వేళ్లతో సవరించి చాప మీద పెట్టాడు. “ఇన్ని దినాలు నేను గెలిచిన” అన్నాడు. “ఇప్పుడు మీరు గెలిపిస్తున్రు. ఇగ చాలు.” చేతులకంటిన పౌడరు ధోతికి తుడుచుకుని లోపలికి పోయాడు. నియమాలు అవే, పత్తాలు అవే. ఆ నియమాలు ఎందుకు పెట్టారో అందరికీ తెలిసిపోయింది, అంతే. మళ్లీ ఆయన పత్తాలు ముట్టలేదు.

నేను మెట్రిక్‌తో ఆపి దుకాణాల లెక్కల్లోకి దిగాను. ఆ గల్లీలో మా ఇల్లున్న చోట ఇప్పుడు లాడ్జి ఉంది, ప్రెస్సు ఉన్నచోట చెప్పుల దుకాణం. బట్టల మీద నుసి రాల్చే ఇంజన్లు లేవు, ముక్కలు పరిచిన చేట లేదు, “మీ తాతకు చెవుడు” అని అరిచే మనిషి లేదు.

మొన్న క్యారం విసుగెత్తి పిల్లలు పత్తాలు తీశారు. నన్నూ కూర్చోమన్నారు. మొదటి ముక్క వేస్తూనే “డైమన్ నాలుగు” అని నా నోరు దానంతటదే అంది. మా తమ్ముడి కూతురు నవ్వింది.

“ఎందుకత్తా అరుస్తవ్? మాకు కనవడ్తది గదా.”

“మా ఇంట్ల ఆట గిట్లనే.”

“అవునా?” ఆ పిల్ల ఆటాపి, మోకాళ్ల మీద ముందుకు జరిగి, కళ్లు పెద్దవి చేసుకుని అడిగింది. “ఇంకేం రూల్సుండె మీ ఇంట్ల?”

గదిలో పౌడరు వాసన ఇంకా పోలేదు. నాకు అన్నీ గుర్తున్నాయి, వచ్చిన వరసతో సహా.

“యాదికి లేవు బిడ్డా” అన్నాను. “ఎయ్యి, నీ వంతే.”