తాగిండన్నరు

వానకాలంల జమ్మూ కింది బార్డర్ పోస్టుకు అచ్చిన. నాలుగు బంకర్లు, ముంగట తీగెల కంచె, దాని అవుతల వరి. బూట్లు ఎప్పుడూ తడే. పోంగనే ఫోన్ గుంజుకొని పెట్టెల ఏసి తాళమేసిండ్రు. మాది కోరుట్లే గానీ నేను పెరిగింది హైదరాబాద్ల. ఫోన్ లేకుంటే చెయ్యి కోసినట్లయింది, దినమంత తిట్టుకుంటనే ఉంటుంటి.

బంకర్ల మంచాలు తక్కువ. కొత్తోళ్లం కింద పండేటోళ్లం. నా పక్కపొంటి మెషిన్‌గన్ కొట్టే అన్న, మా దిక్కే, బీర్పూరాయన. మందు ముట్టడు. రమ్ము ఇచ్చిన దినం తన గిలాస నా దిక్కు జరిపేటోడు. "తాగు తమ్మీ. జరంతసేపన్న నీ తిట్లు ఆగుతయ్."

ఒక రాత్రి గట్లనే రెండు గిలాసలు నేనే తాగిన.

తెల్లారి ఐదింటికి అన్న సెంట్రీ. లేస్తలేడు. కడుపునొప్పి అన్నడు, మాట ముద్దముద్దగ అచ్చింది. రెప్పలు వాలిపోతున్నయ్. హవల్దార్ సాబ్ బూటుతోని తట్టిండు. అక్కడంత హిందీలనే, నేను మన మాటల చెప్తున్న.

"నవాబుగారికి రమ్ము ఇంకా దిగలేదా?"

"సాబ్, ఆయన తాగడు."

"నీ ఊరోడని ఎనకేసుకస్తున్నవా?"

మందులిచ్చే నర్సింగ్ అసిస్టెంట్ అచ్చిండు. వంగనన్న వంగలే, ముక్కు మూసుకున్నడు. "గుప్పుమంటుంది. పండనియ్యుండ్రి, దిగుతది."

"అరే, గా వాసన నాది!" అని ఒర్రిన. "ఆయన నోటికాడ చూడు!"

చూడలే. గ్యాస్ గోలీ ఇచ్చిండు. అన్న మింగలేకపోయిండు, నీళ్లు మూతి పక్కకెంచి కారినయ్. "చూసినవా, ఎంత ఏసిండో" అని నవ్విండ్రు.

నాకు ఇప్పటికీ మండేది గిదే. మాట తడబడితే రమ్ము. రెప్ప వాలితే రమ్ము. గుటక పడకపోతే రమ్మే. ఒక్కపారి ఒక మాట మనసుల పడ్డదంటే ఇగ కండ్ల ముంగటిది సుత కనవడదు.

ఆఖరికి రేడియో నేనే గుంజుకున్న. బెటాలియన్ డాక్టరమ్మ పలికింది. ఎట్లున్నడో అంత చెప్పిన. ఎనకకెంచి హవల్దార్ "తాగిండు మేడమ్" అంటనే ఉన్నడు.

"తాగలేదనుకోండ్రి. అప్పుడు ఇదేంది? ఓవర్."

హవల్దార్ నర్సింగ్ అసిస్టెంట్ దిక్కు చూసిండు.

"కింద పండిండా? ఓవర్."

"కిందనే మేడమ్. ఓవర్."

"కట్లపాము కావచ్చు. గాటు కనవడకపోవచ్చు. ఇప్పుడే తీస్కరాండ్రి. ఊపిరాగితే మీరే ఊదాలె. ఔట్."

అప్పటికి ఏడు దాటింది. దిగుతది, దిగుతది అనుకుంటనే రెండు గంటలు పోగొట్టినం. వానకు బాట తెగి జీపు చుట్టుతిరిగి పోయింది. నేను, నర్సింగ్ అసిస్టెంట్ ఒకరెనుక ఒకరం నోట్లె ఊదినం. ఆయన ఏడ్సుకుంటనే ఊదిండు. దవఖాన గేటు కాడ అన్న నాడి ఆగింది.

నా నాలుగేండ్ల ఫౌజు నౌకరి అయిపోయింది. ఇంటికన్న ముందుగాల సిరిసిల్ల పోయిన. అన్న వాళ్లక్క ఆడ సాంచెల కార్ఖానాల పని చేస్తది. మగ్గాల చప్పుడుల చెవికాడికచ్చి అడిగింది.

"తమ్మీ, నిజం చెప్పు. మావోడు తాగి సచ్చిండా? ఊరంత గదే అంటుండ్రు."

"తాగింది నేనక్కా!" అని గంత జోరుగ ఒర్రిన, పక్కోళ్లు సాంచెలు బంజేసి చూసిండ్రు.

మొన్న జగిత్యాల బస్టాండ్ల ఒకాయన తూలి పడ్డడు. ఒక పోరడు నవ్వుకుంట వీడియో తీస్తుండు. ఆని మెడ పట్టి, ఆని ఫోన్ తోనే అంబులెన్సుకు కొట్టిపిచ్చిన. ఆయన తాగిండో లేదో నాకెర్కలేదు. ఆ పోరనికి సుత ఎర్కలేదు.

ఒక్కటి మాత్రం నా కండ్లల్లకెంచి పోతలేదు. ఆ పొద్దుగాల, పండనియ్యుండ్రని చెప్పి అందరు బంకర్ బయటికి పోయినంక, అన్న చెయ్యి లేసింది. మెల్లగ మొకం దాక అచ్చింది. ఏలుతోని తన రెప్ప తనే పైకెత్తి పట్టుకొని, నా దిక్కు చూసిండు.