మంచు పడని కల్లం

మొన్న మాఘమాసంలో సత్తెనపల్లి దగ్గరి మా ఊరికి వెళ్లి, తెల్లవారుతూనే బాబాయి వెంట కల్లంలోకి నడిచి, ఎండిన మిరపకాయల రాశిలో చెయ్యి పెట్టగానే కాయలు పొడిగా గలగలమన్నాయి. ఆ చప్పుడు విన్నాక బాబాయి ముఖం వైపు చూడబుద్ధి కాలేదు.

మిర్చి ఊళ్లలో పెరిగిన నా వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. కాయ ఎండేదాకా రోజూ సాయంత్రం పట్టాలు కప్పి మంచు తగలకుండా కాపాడేవాళ్లం. అదే కాయను బస్తాకెత్తే ముందు రాత్రి మాత్రం పట్టాలు తీసి మంచుకే వదిలేసేవాళ్లం. ఆ కాస్త తడికి తోలు మెత్తబడి, బస్తాలో కాళ్లతో తొక్కినా కాయ చిట్లేది కాదు, గింజ రాలేది కాదు. అలాంటి పొద్దుల్లో నా నిక్కరు అంచులు తడిసిపోయేవి, పడమటి చెరువు మీంచి వచ్చిన పొగమంచులో కాయలు ఏరే ఆడవాళ్ల మాటలు వినిపించేవే తప్ప మనుషులు కనిపించేవారు కాదు.

ఆ మంచు ఎక్కడిదో చదువుకున్నాకే తెలిసింది. పగలు చెరువు, దాని కింది వరిమళ్లు, తడి కాలువగట్లు గాలికి చెమ్మ అందిస్తే, రాత్రి త్వరగా చల్లబడే మట్టినేల దాన్ని తిరిగి దించుకునేది. ఒక్కొక్కటే పోయాయి. ముందు మళ్లు పోయి పత్తి వచ్చింది, తర్వాత కాలువ ఎండింది, ఆఖరికి చెరువు పూడ్చి ప్లాట్లు వేశారు. దోమల బెడద తగ్గిందని అందరం సంతోషించాం. ఇప్పుడు కల్లం చుట్టూ సిమెంటు రోడ్డు, శ్లాబులు. పగటి వేడిని తెల్లవారేదాకా వదలవు.

బాబాయి మాత్రం ముందు రాత్రి పాత అలవాటు ప్రకారమే పట్టాలు తీసి పడుకున్నాడు. మధ్యాహ్నానికి లారీ వస్తుంది. ఆ పొడి కాయను తొక్కితే ఏడాది పంట చిట్లి, అడిగేవాడుండడు.

"ఏరా, అంత చదివావు, గుప్పెడు మంచు కురిపించడం నేర్పలేదా మీ కాలేజీలో?" అంది పిన్ని. నవ్వబోయి, బాబాయిని చూసి ఆగిపోయింది. పక్క కల్లంవాళ్లలాగా మనమూ స్ప్రేయరుతో నీళ్లు కొడదామని ఆమె అంటే, మంచు పైతోలుకే అంటుతుందిగానీ నీళ్లు తొడిమ దగ్గర లోపలికి దిగి బూజు పెడతాయని ఆయన చాలాసేపు ఒప్పుకోలేదు. ఇంకొక్క రాత్రి ఆగుదామన్నాను నేను.

"రేపు పడుద్దని నువ్వు చెప్పగలవా?" అన్నాడు బాబాయి.

తలెత్తి ఆకాశం వైపు చూశాను. మబ్బు లేదు, గాలి లేదు, చలి ఉంది. మంచుకు కావలసినవన్నీ ఉన్నాయి, చెమ్మ ఒక్కటి తప్ప.

చివరికి బాబాయే స్ప్రేయరు భుజానికెత్తుకున్నాడు. కాయలు మెత్తబడ్డాయి, కల్లమంతా చిన్నప్పటి వాసనే వచ్చింది, బస్తాలు కుట్టేశాం, లారీ కోల్డ్ స్టోరేజీకి వెళ్లిపోయింది.

చెరువున్న రోజుల్లో పొద్దున్నే తడిసొచ్చానని అమ్మ తిట్టేది. ఆ రోజు ఇంటికొచ్చి చూసుకుంటే నా బూట్ల మీద దుమ్మే ఉంది. ఆ బస్తాలు విప్పేది వేసవి దాటాకే. అప్పటిదాకా ఆ చీకటి గదిలో, కుట్టిన గోనెల లోపల, మేం పోసిన నీళ్లు ఏం చేస్తున్నాయో బాబాయి అడగడు, నేను చెప్పను.