ఐదో నంబరు బిళ్ళ

మా మాస్టారు పోయారని బుధవారం పొద్దున ఫోన్ వచ్చింది. చేసింది వాళ్ళావిడ. మేమందరం ఆమెను ఆంటీ అంటాం. "మీ సారు పోయినారమ్మా. కాఫీ పెట్టి పిలిస్తే పలకలేదు. మిగతా నలుగురికీ నువ్వే చెప్పు," అంది. గొంతులో ఏడుపు లేదు. నేనూ ఏడవలేదు. రెండు నెలలుగా ఏ ఫోన్ మోగినా ఇదేనేమోనని ఉలిక్కిపడుతూ ఉన్నాను. ఫోన్ పెట్టేశాక ఆయన షెడ్డు గోడమీది ఖాళీ మేకు కళ్ళముందుకు వచ్చింది. ఆ మేకు సంగతి మీకు తెలియాలంటే ముందు మా సంగతి చెప్పాలి.

మేం ఐదుగురం. రెండు ట్రంపెట్లు, ఒక ఫ్రెంచ్ హార్న్, ఒక ట్రాంబోన్, ఒక ట్యూబా. అన్నీ ఊదే ఇత్తడి వాద్యాలే, ట్యూబా అన్నిటికంటే పెద్దది. అందరం కోలారు జిల్లా వాళ్ళమే. బెంగళూరులో ఒకే సంగీత కళాశాలలో చదివి, చదువయ్యాక జట్టుగా వాయించడం మొదలుపెట్టాం. "పెళ్ళి బ్యాండా అమ్మా?" అని జనం అడుగుతారు. కాదని చెప్పీ చెప్పీ విసుగొచ్చి మానేశాం. నా ఊరు క్యాసంబళ్ళి. ఇంట్లో పట్టుపురుగులు పెంచుతాం. నేను ట్రంపెట్ తీస్తే చాలు, "పురుగులు ఆకు మేయవు, బయటికి పో" అని మా అమ్మ తరిమేది. అలా తరిమితే వెళ్ళి పడ్డది కేజీఎఫ్‌లో, మాస్టారి రేకుల షెడ్డులో. కాలేజీలో చేరకముందు ఊపిరి పట్టడం నేర్పింది ఆయనే. డిగ్రీలు వచ్చాక కూడా ప్రతి ఆదివారం మేం ఐదుగురం ఆయన దగ్గరికే చేరేవాళ్ళం.

మాస్టారు అక్కడి బంగారు గనిలో చాలా ఏళ్ళు పనిచేశారు. భూమి కింద సొరంగం కూలకుండా కర్రల ఆసరా కట్టే పని. పైకి వచ్చాక గని బ్యాండులో ట్యూబా. గని మూతపడ్డాక పని పోయింది, ట్యూబా మిగిలింది. కార్మికుల కోసం వరసగా కట్టిన చిన్న ఇళ్ళలో చివరిది ఆయనది, దాని పక్కనే షెడ్డు. కిటికీలోంచి చూస్తే సైనైడు దిబ్బ, గని మట్టంతా కుప్పపోసిన బూడిదరంగు కొండ. గాలి లేస్తే ఆ పొడి వచ్చి మా వాద్యాల మీద పడేది. వాయించే ముందు తుడవాలి, వాయించాక తుడవాలి. "నా లోపల కూడా ఉండాదమ్మా అది. దాన్ని ఎవరు తుడిచేది?" అని నవ్వేవారు. ఆ నవ్వు చివర దగ్గు వచ్చేది.

షెడ్డు తలుపు పక్కన ఒక చెక్క పలక, దానికి ఐదు మేకులు, ఐదు ఇత్తడి బిళ్ళలు. ఒక్కోదాని మీద ఒక నంబరు. తను పనిచేసిన చోట అదే పద్ధతని చెప్పేవారు. కిందికి దిగే మనిషి తన బిళ్ళ తీసి జేబులో వేసుకోవాలి, పైకి వచ్చాక మళ్ళీ తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. మా సాధనకూ ఆ రూలే పెట్టారు. లోపలికి వస్తూ బిళ్ళ తీసుకోవాలి, వెళ్తూ తగిలించాలి. ఐదూ నిండేదాకా ఎవరూ ఇంటికి కదలకూడదు. మొదట్లో మాకిది చాదస్తంగా తోచింది. "మనమేమైనా బంగారం తవ్వుతున్నామా?" అని హార్న్ వాయించే అమ్మాయి చాటుగా వెక్కిరించేది.

ఒక ఆదివారం బస్సు తప్పిపోతుందని నేను అందరికంటే ముందు పరిగెత్తాను. బిళ్ళ జేబులోనే ఉండిపోయింది. ఫోన్‌లో చార్జి లేదు. సాయంత్రం మల్బరీ తోటలో ఆకు కోస్తుంటే గట్టు మీద మాస్టారు కనిపించారు, ఆయాసపడుతూ.

"నీ బిళ్ళ యాడ?"

తీసి ఇచ్చాను. దాన్ని పిడికిట్లో పట్టుకుని గట్టు మీదే కూలబడ్డారు. "నలుగురినీ కూర్చోబెట్టి వచ్చినాను. పోయి వాళ్ళను ఇండ్లకు పంపల్ల," అన్నారు.

మా అమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "ఇంతదానికి బస్సెక్కి రావల్లనా సారూ?"

"ఒక దినం ఒక మేకు ఖాళీగా ఉండెనమ్మా. చూసేవాడు చూడలేదు. షిఫ్టు అయిపోయిందని మేమందరం ఇండ్లకు పోయినాం. వాడు కిందనే ఉన్నాడు." మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టారు. "బ్యాండులో నా పక్కన ట్రాంబోన్ ఊదేవాడు."

ఆ తర్వాత మేమెవరం బిళ్ళను వెక్కిరించలేదు.

ఆయనకు నిశ్శబ్దం గిట్టేది కాదు. పాట మధ్యలో విరామం వస్తే తాళం వేసే చెయ్యి గాలిలోనే ఆగేది, చూపు నేల మీదికి పోయేది. "రాయి పగిలే ముందర అంతా ఊరికే అయిపోతుంది. నీళ్ళ చుక్క కూడా పడదు. చప్పుడు ఉండేదాకా భయం లేదమ్మా," అనేవారు. కిందటేడు ఆయన దగ్గు ఉన్నట్టుండి ఆగిపోయింది. బాగయిందని మేం సంతోషపడ్డాం. "దగ్గేదానికి బలం చాల్లేదు," అంది ఆంటీ.

నేనే ఆయన్ను కోలారులో డాక్టరుకు చూపించాను. డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి, "ఇంక ఊదొద్దు. ఒక్కసారి కూడా వద్దు," అన్నాడు. బస్టాండులో మాస్టారు, "ఇంట్లో చెప్పొద్దు," అన్నారు. చెప్పనన్నాను.

తర్వాత కొన్నాళ్ళకు మాకు కోలారులో ఒక కాలేజీ హాల్లో కచేరీ కుదిరింది. సొంత జిల్లాలో మొదటిది. మా అమ్మ మొదటిసారి వినడానికి వస్తానంది. నాలుగు రోజులుందనగా ట్యూబా అబ్బాయికి టైఫాయిడ్. కచేరీ మానుకుని ఉండవచ్చు. నేను మానుకోలేదు. మాస్టారి దగ్గరికి వెళ్ళి, "ఒక్కసారి, సార్," అన్నాను. డాక్టరు నోట విన్న మాటే నా నోట్లోంచి వచ్చింది.

ఆయన మూలనున్న ట్యూబాను దగ్గరికి లాక్కున్నారు. "ఎన్ని పాటలు?"

"ఐదు."

"నాలుగు చెయ్యి."

కూరగాయల బేరంలా నేను సరేనన్నాను. కచేరీ రోజు ఆయన నల్లకోటు వేసుకుని, పలక మీది ఐదో నంబరు బిళ్ళ, ట్యూబా అబ్బాయిది, తీసి కోటు లోపలి జేబులో వేసుకున్నారు. వేదిక మీద ఆయన నా వెనకే కూర్చున్నారు. ఒక్క ఊపిరిలో సాగాల్సిన చోట రెండుసార్లు పీల్చడం నాకు వినిపిస్తూనే ఉంది. మూడుసార్లు పీల్చడమూ వినిపించింది. నేను ఆపలేదు. జనం లేచి చప్పట్లు కొట్టారు. "ఆ పెద్దాయనకు అంత చెమట ఎందుకే?" అంది మా అమ్మ. ఉక్కగా ఉందన్నాను.

తర్వాతి ఆదివారం ఐదో మేకు ఖాళీగా కనిపించింది. "బిళ్ళ ఏది సార్?" అంటే, "కోటులో ఉండాదిలే," అన్నారు. ఆ మరుసటి వారం మళ్ళీ అడిగాను. "నేను ఇంగా పైకి రాలేదులేమ్మా. మీరు పోండి," అని నవ్వారు. మేమూ నవ్వాం. ట్యూబా అబ్బాయి ఇంకా మంచం మీదే ఉన్నాడు, ఆ బిళ్ళతో ఎవరికీ పనిలేదు. వారాలు గడిచాయి. ప్రతి ఆదివారం వెళ్ళేముందు ఆ మేకు చూసేదాన్ని. అయినా బస్సెక్కి ఇంటికి పోయేదాన్ని.

సమాధి దగ్గర మేం ఐదుగురం వాయించాం. ట్యూబా అబ్బాయి నీరసంగానే వచ్చాడు. మాస్టారికి ఆ నల్లకోటే వేశారు. శవపెట్టెను తాళ్ళతో దించుతున్నప్పుడు పాటలో విరామం వచ్చింది. అందరం నేల వైపు చూశాం.

మూడో రోజు ఆంటీ దగ్గరికి వెళ్ళాను. ఆమె ఆయన చొక్కాలు మడతపెడుతోంది. "ఊదొద్దని డాక్టరు చెప్పాడు ఆంటీ. నాకు తెలిసే అడిగాను," అన్నాను. నేను తప్పు చేశాను. మీకూ అదే చెబుతున్నాను. ఆయనంటే ప్రాణం నాకు, అయినా చేశాను.

ఆమె తలెత్తలేదు. "నాకూ తెలుసమ్మా. ఎక్స్‌రే పరుపు కింద దొరికింది. ఆ దినం కోటు ఇస్త్రీ చేసి ఇచ్చింది నేనే."

నేను బిళ్ళ సంగతి అడిగాను. చొక్కా మడతపెట్టే చేతులు ఆగిపోయాయి. "కోటు జేబులు చూడలేదే," అంది.

మొన్న ఆదివారం మళ్ళీ షెడ్డులో చేరాం. నలుగురం బిళ్ళలు తీసుకున్నాం. ట్యూబా అబ్బాయి ఐదో మేకును వేలితో తాకి, ఊరికే వెళ్ళి కూర్చున్నాడు. వాయించాం. అయిపోయాక నాలుగు బిళ్ళలూ తగిలించాం, వాద్యాల మీది పొడి తుడిచాం, పెట్టెలు మూశాం. క్యాసంబళ్ళి బస్సు వేళ అయింది. ఎవరం లేవలేదు. ఆంటీ గుమ్మంలోకి వచ్చి పలక వైపు చూసింది. తర్వాత మాస్టారి కుర్చీ లాక్కుని మాతోపాటు కూర్చుంది.