మలుపు లేని సందు

"...మెత్తగా ఉంటే సరిపోతుందా నాన్నా? మలుపులో బండి నా మాట వినాలా, వద్దా?"

"వింటుంది. స్టీరింగు నెమ్మదిగా తిప్పితే వింటుంది. నువ్వేమో నీ డెలివరీ వ్యాను తిప్పినట్టు తిప్పుతావు."

"ఆ వ్యానులో అరటన్ను సామాను వేసుకుని తిరుగుతాను. అదైనా ఇలా ఊగదు. ఇది బండి కాదు, ఉయ్యాల."

"ఉయ్యాలలా ఉండాలనే కదా చేశాను! మీ అమ్మ నడుము కోసం."

పక్క షెడ్డులో పంక్చర్లు వేసే ఆయన ట్యూబు నీళ్లలో ముంచి పట్టుకుని, "అమ్మాయే గెలిచేట్టుంది మేస్త్రీ" అని అక్కణ్ణుంచే తీర్పు చెప్పేశాడు. మేస్త్రి ఆ మాట చెవిన వేసుకోలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ గ్లాసు కోసం వెతికాడు.

ఆ గ్లాసు వల్లే ఆయనకి గ్లాసు మేస్త్రి అని పేరు. ముప్పై ఏళ్లుగా ఆయన పని ఒక్కటే, బళ్ల కుదుపు తగ్గించడం. బండి రాగానే ముందుమూల మీద అరచెయ్యి ఆనించి ఒక్క నొక్కు నొక్కి వదిలేవాడు. ఎన్నిసార్లు ఊగి ఆగిందో చూసి, ఏ షాకబ్జరు పోయిందో, ఏ స్ప్రింగు కూలబడిందో చెప్పేవాడు. పని అయ్యాక గ్లాసునిండా నీళ్లు పోసి డాష్‌బోర్డు మీద పెట్టి, షెడ్డు వెనక సందులో నడిపేవాడు. పగిలిన సిమెంటు పలకలు, రెండు స్పీడ్‌బ్రేకర్లు, చెట్టువేరు లేపిన ఒక గూని, చివర డ్రైనేజీ మూత. అవన్నీ దాటి వచ్చాక చుక్క ఒలక్కపోతేనే తాళం చెవి చేతికిచ్చేవాడు. ఎక్కడెక్కడి వాళ్లో ఆ గ్లాసు చూడ్డానికే వచ్చేవారు.

పోయిన ఏడాది భార్యకి వెన్నెముక ఆపరేషన్ అయింది. నలభై ఏళ్లు కుట్టుమిషన్ ముందు వంగిన నడుము అది. వారానికి మూడుసార్లు వ్యాయామం చేయించడానికి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మొదటిరోజు ప్రతి గుంతకీ ఆవిడ రుమాలు కొరికి పట్టుకుంది. దిగాక ఆ రుమాలు చూసి మేస్త్రి ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడే బండి జాకీల మీదకి ఎక్కించాడు. మెత్తటి స్ప్రింగులు వేశాడు. షాకబ్జర్లు మార్చాడు. అప్పటికీ ఒక పక్క చక్రం గుంతలో పడితే రెండో పక్క కూడా అదురుతోంది. కుడి చక్రాన్నీ ఎడమ చక్రాన్నీ కలుపుతూ బండి కింద అడ్డంగా ఒక ఉక్కుకడ్డీ ఉంటుంది. దాన్ని కూడా విప్పేశాడు. ఆ తర్వాత బండెక్కితే ఆవిడ నిద్రపోయేది. జీవితంలో తన పనికి అంతకంటే గొప్ప మెప్పు దొరకలేదనుకున్నాడు మేస్త్రి.

ఆ సంగతి తెలిసి ఇంకొందరు వచ్చారు. మోకాళ్ల నొప్పుల పెద్దాయన, నెలలు నిండుతున్న కోడలు ఉన్నవాళ్లు, బండిలో వాంతులు చేసుకునే పిల్లలున్నవాళ్లు. ఎనిమిది బళ్లకి కడ్డీ తీశాడు. తీసిన ప్రతి కడ్డీ మీదా బండి నంబరు సుద్దతో రాసి, షెడ్డు వెనక గోడకి మేకులు కొట్టి తగిలించాడు. తనదానితో కలిపి తొమ్మిది.

"పద, నేనూ వస్తాను" అన్నాడు కూతురితో. "వెనక కూర్చుంటాను. గ్లాసు మీ అమ్మ పట్టుకుంటుంది. చుక్క ఒలికితే అప్పుడడుగు."

"నాకెందుకయ్యా మీ పంచాయితీ" అంటూనే ఆవిడ ముందుసీట్లో కూర్చుని గ్లాసు ఒళ్లో పెట్టుకుంది.

ఊరి రోడ్డంతా గ్లాసుదే గెలుపు. రైలుపట్టాలు దాటినా నీళ్లు అంచు దాకా వచ్చి వెనక్కి తగ్గాయి తప్ప ఒలకలేదు. "చూశావా?" అన్నాడు మేస్త్రి.

ఫ్లైఓవర్ దిగేచోట మలుపు ఉంది. బండి అరవైలో కూడా లేదు. ముందు పోతున్న లారీ మీంచి ఖాళీ డ్రమ్ము ఒకటి జారి రోడ్డు మధ్య పడింది. కూతురు తప్పించడానికి స్టీరింగు ఒక పక్కకి తిప్పేసి, గోడ దగ్గరపడేసరికి మళ్లీ ఇటు తిప్పేసింది. బండి ఒక పక్కకి వాలింది. వాలినది లేవకముందే రెండో పక్కకి విసిరినట్టు పడింది. వెనకభాగం జారిపోయింది. తన సీటు కింది చక్రం నేలని వదిలేయడం మేస్త్రికి ఒంటికి తెలిసింది. కిటికీ అద్దంలోంచి రోడ్డు కనబడలేదు, ఆకాశం కనబడింది. అంతలో చక్రం దబ్బున కిందపడి, బండి అడ్డం తిరిగి గోడకి జానెడు దూరంలో ఆగింది.

ఆగాక కూడా ఊగుతూనే ఉంది.

ఎవరికీ ఏమీ కాలేదు. వెనకొస్తున్న వాళ్లు ఆగి డ్రమ్ము పక్కకి దొర్లించారు. కూతురు స్టీరింగు వదలడం లేదు. భార్య ఒళ్లంతా తడి చూసి మేస్త్రి ముందుసీటు మీదకి వంగాడు. అవి గ్లాసులో నీళ్లేనని అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"నొప్పా?" అన్నాడు.

"లేదండీ." ఆవిడ మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంది. "నడుముకి ఏమీ తెలియలేదు. పడిపోయి చచ్చినా తెలిసేది కాదేమో."

మేస్త్రి దిగాడు. ఏం చేస్తున్నాడో తెలియకుండానే బండి ముందుమూల మీద చెయ్యి ఆనించి నొక్కి వదిలాడు. ఊగింది. మళ్లీ ఊగింది.

తిరిగొచ్చేటప్పుడు బండి ముప్పై దాటలేదు. షెడ్డు సందు కనబడగానే మేస్త్రి, "ఇక్కడ ఆపు" అని దిగాడు. సందు ఈ చివర నుంచి ఆ చివరికి తాడు లాగినట్టు తిన్నగా ఉంది. పలకలున్నాయి, స్పీడ్‌బ్రేకర్లున్నాయి, గూని ఉంది. మలుపు లేదు. మలుపులో బండి వాలిపోకుండా పట్టి ఉంచేది ఆ కడ్డీయేనని ఈ సందు ఒక్కసారీ గుర్తుచెయ్యలేదు. ముప్పై ఏళ్లుగా రోజూ చూస్తున్న సందుని అప్పుడే కొత్తగా చూసినట్టు నిలబడిపోయాడు.

"నువ్వు ఈ బండి పట్టిన దగ్గర్నుంచీ చెప్తూనే ఉన్నావు" అన్నాడు చివరికి.

"చెప్పాను" అంది కూతురు.

మధ్యాహ్నానికి పాత స్ప్రింగులు, షాకబ్జర్లు ఎక్కించాడు. గోడ మీంచి తన బండి కడ్డీ దించి, అదీ బిగించాడు. కూతురు బండిని మెయిన్ రోడ్డు దాకా తీసుకెళ్లి, అక్కడి మలుపు రెండుసార్లు తిప్పుకొచ్చి, బొటనవేలు ఎత్తి చూపించింది. తర్వాత భార్య ముందుసీట్లో కూర్చుంది. సందులో రెండో స్పీడ్‌బ్రేకర్ దగ్గర ఆవిడ చెయ్యి తలుపు పిడిని గట్టిగా పట్టుకుంది. రుమాలు బయటికి తియ్యలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు మేస్త్రి.

"బండిలా ఉంది" అంది ఆవిడ. "గుంతలొచ్చినచోట నెమ్మదిగా నడిపించుకుంటూ పోతుందిలే మీ అమ్మాయి. వీపు వెనక గట్టి దిండొకటి చూడండి."

"ఏం మేస్త్రీ, ఇవాళ గ్లాసు బయటికి రాలేదేం?" అన్నాడు పంక్చర్ల ఆయన నవ్వుతూ. మేస్త్రి వెనక గోడ వైపు చూస్తున్నాడు. ఎనిమిది మేకులకి ఎనిమిది కడ్డీలు. ఒకదాని మీద నంబరు పక్కన 'కాన్పు' అని తనే రాసుకున్నాడు. ఆ బిడ్డకి ఈపాటికి మూడో నెల వచ్చుంటుంది. పంక్చర్ల ఆయన కూడా అటు చూసి, నవ్వు ఆపేశాడు.

మేస్త్రి ఆ కడ్డీని మేకు నుంచి దించి బల్ల మీద పెట్టాడు. జేబులోంచి ఫోను తీశాడు.

"ఎనిమిదిమందినీ పిలుస్తున్నాను" అన్నాడు కూతురితో. "కడ్డీలు తిరిగి బిగిస్తాను. తప్పు నాదేనని ఒక్కొక్కళ్లకీ నేనే చెబుతాను."